రాకూడని రోజున కనిపించిన సూర్యుడు

ఐరోపా తొలితరం సముద్రాన్వేషకులలో కొలంబస్, వాస్కో డ గామా, మాగెల్లాన్ వంటివారి పేర్లు బడిపిల్లలకు సైతం పరిచయమే. విల్లెమ్ బారెంట్స్ పేరు మాత్రం నార్వేకూ రష్యాకూ ఉత్తరాన ఉన్న బారెంట్స్ సముద్రం కారణంగా పటం మీద నిలిచిందే తప్ప, ఆ పేరు వెనుక ఉన్న మనిషి గురించి చదివినవారు తక్కువ. అతడు వెతికిన దారి దొరకలేదు, చేరదలచిన చైనా తీరం కనిపించలేదు, మూడో యాత్ర నుంచి అతడు ప్రాణాలతో తిరిగి రాలేదు. లాభనష్టాల లెక్కలో చూస్తే మూడు యాత్రలూ విఫలమైనవే. అయితే చివరి యాత్రలో అతని వెంట ఉన్న గెరిట్ డి వేర్ అనే యువకుడు ఏ రోజు సంగతి ఆ రోజు రాసిపెట్టిన దినచర్య, ఆ తరువాతి నాలుగు వందల ఏళ్ల పాటు ఖగోళజ్ఞులకూ వైద్యులకూ భౌతిక శాస్త్రవేత్తలకూ ఎడతెగని పని కల్పించింది. తాను చూసినది అప్పటి శాస్త్రానికి పొసగకపోయినా, పక్కనున్న పెద్దలే నమ్మకపోయినా, మార్చకుండా రాయడం డి వేర్ చేసిన మేలు. ఆ రాతకు ఆధారమైన కొలతలనూ లెక్కలనూ సమకూర్చింది బారెంట్స్ నేర్పు.

ఉత్తరం వైపే ఎందుకు?

బారెంట్స్ 1550 ప్రాంతంలో, ఇప్పటి నెదర్లాండ్స్ ఉత్తర తీరాన ఉన్న టెర్షెల్లింగ్ ద్వీపంలో జన్మించాడు. ఓడను నడిపే విద్యతో పాటు పటాలు గీసే విద్య కూడా అతనికి తెలుసు. మధ్యధరా సముద్ర తీరాలను చూపే పటాల పుస్తకాన్ని పెట్రస్ ప్లాన్సియస్ అనే మతబోధకుడితో కలిసి సిద్ధం చేశాడు. ఈ ప్లాన్సియస్ చర్చిలో ప్రసంగాలు చేస్తూనే భూగోళ శాస్త్రంలో ఆనాటి నెదర్లాండ్స్‌లో అందరికన్నా పేరుపడ్డ పండితుడు. డచ్చివారు అప్పటికి స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ మీద తిరుగుబాటు చేసి యుద్ధంలో ఉన్నారు. 1580లో పోర్చుగల్ సింహాసనం కూడా ఫిలిప్ చేతికి రావడంతో, మిరియాలూ లవంగాలూ జాజికాయా దొరికే లిస్బన్ రేవు డచ్చి ఓడలకు నమ్మదగని చోటుగా మారింది. ఆసియాకు తామే స్వయంగా వెళ్లాలంటే ఆఫ్రికా దక్షిణ కొనను చుట్టివెళ్లే దారి పోర్చుగీసుల కాపలాలో ఉంది. అందుచేత ఆమ్‌స్టర్‌డామ్ వర్తకుల చూపు ఇంకెవరి కాపలాలోనూ లేని ఉత్తర సముద్రం మీద పడింది: నార్వే పైనుంచి తూర్పుకు తిరిగి, సైబీరియా తీరం వెంట సాగితే చైనా వస్తుందని వారి అంచనా.

అక్కడ మంచు అడ్డుపడదా అన్న ప్రశ్నకు ప్లాన్సియస్ దగ్గర ఒక సమాధానం ఉంది. ధ్రువం దగ్గర వేసవిలో సూర్యుడు అస్తమించడు కాబట్టి అంతటి ఎండకు మంచు నిలవదనీ, ఉప్పునీరు గడ్డకట్టదు కాబట్టి మంచు అన్నది నదుల మంచినీరు కలిసే తీరాల దగ్గర మాత్రమే ఉంటుందనీ, తీరాన్ని విడిచి బాగా పైకి పోతే నడిసముద్రం తేటగా ఉంటుందనీ అతని వాదం. నేటి పాఠకుడికి ఇది వింతగా తోచవచ్చుగానీ, ఇందులో మొదటి మాటకు గట్టి ఆధారమే ఉంది. జూన్ మూడో వారంలో, రోజు మొత్తం మీద లెక్క వేస్తే, వాతావరణం పైపొరకు చేరే సౌరశక్తి భూమధ్యరేఖ దగ్గర కన్నా ఉత్తర ధ్రువం దగ్గరే ఎక్కువ. ప్లాన్సియస్ లెక్కలోకి రానిది, ఆ శక్తిలో ఎంత భాగం నేలకు దక్కుతుందన్న సంగతి. కొత్త మంచు తన మీద పడిన వెలుగులో 80 శాతానికి పైగా తిరిగి ఆకాశంలోకి పంపేస్తుంది. మిగిలిన దానిలో చాలావరకు మంచును కరిగించడానికే ఖర్చవుతుంది తప్ప ఉష్ణోగ్రతను పెంచడానికి కాదు.

ఇక ఉప్పునీటి మాట పూర్తిగా పొరపాటు. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పున్న సముద్రపు నీరు సున్నా డిగ్రీల దగ్గర కాక, మైనస్ 1.8 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది, తేడా అంతే. గడ్డకట్టేటప్పుడు నీటి అణువులు స్ఫటికంగా ఒకదానితో ఒకటి చేరి ఉప్పును బయటికి నెడతాయి, అందుకే పాతబడిన సముద్రపు మంచును కరిగిస్తే దాదాపు మంచినీరే వస్తుంది. ఆ మంచు చప్పగా ఉండడమే, అది నదుల నుంచి కొట్టుకొచ్చిన మంచినీటి మంచు అని పండితులు పొరబడడానికి ఒక కారణమైంది.

రెండు ప్రయత్నాలు

1594 జూన్‌లో నాలుగు ఓడలు బయలుదేరాయి. వాటిలో కొన్ని, రష్యా ఉత్తర తీరానికీ వైగాచ్ ద్వీపానికీ మధ్య ఉన్న ఇరుకు జలసంధి గుండా కారా సముద్రంలోకి చొరబడి, కొంతదూరం తేటనీరు చూసి, దారి దొరికినట్టేనన్న నమ్మకంతో తిరిగి వచ్చాయి. గోవాలో పోర్చుగీసు ఆర్చిబిషప్ కొలువులో ఐదేళ్లు గడిపి, ఆసియా వర్తకపు లోగుట్టు తెలుసుకుని వచ్చిన యాన్ వాన్ లిన్స్‌హోటెన్ ఆ ఓడల మీదే ఉన్నాడు. బారెంట్స్ మాత్రం ప్లాన్సియస్ మాట ప్రకారం నొవాయా జెమ్ల్యా ద్వీపాల పడమటి తీరం వెంట పైకి సాగి, వాటి ఉత్తర కొస వరకు వెళ్లి మంచు అడ్డురావడంతో వెనుదిరిగాడు. దారిలో అతని మనుషులు ఒక ధ్రువ ఎలుగుబంటిని ఉచ్చువేసి ప్రాణాలతో దేశానికి తీసుకుపోదామని ప్రయత్నించి, అది పడవలోకి ఎక్కి మీదికి రాగా చంపక తప్పలేదు. ఆ జంతువు శక్తి ఎంతటిదో అప్పటికి వారికి తెలియదు.

మరుసటి ఏడు చైనాలో అమ్మే సరుకు నింపుకుని ఏడు ఓడలు వెళ్లాయి. ఈసారి కారా సముద్రం పూర్తిగా మంచుతో మూసుకుపోయి ఉంది, ఇద్దరు నావికులను ఎలుగుబంటి చంపివేసింది, ఓడలు సరుకుతో సహా వెనక్కి వచ్చాయి. దానితో ప్రభుత్వం మూడో యాత్రకు పెట్టుబడి పెట్టడం మాని, దారి కనిపెట్టినవారికి 25,000 గిల్డర్ల బహుమానం మాత్రం ప్రకటించి ఊరుకుంది. ఆమ్‌స్టర్‌డామ్ నగర సభ సొంత ఖర్చుతో రెండు ఓడలు సిద్ధం చేసింది. ఒకదానికి యాకబ్ వాన్ హీమ్స్‌కెర్క్, రెండోదానికి యాన్ కార్నెలిస్ రైప్ అధిపతులు. బారెంట్స్ హీమ్స్‌కెర్క్ ఓడకు దారిచూపే నావికుడు.

చెట్లకు కాయని బాతులు

1596 మే నెలలో బయలుదేరిన ఈ రెండు ఓడలు జూన్ 9న ఒక ఒంటరి ద్వీపాన్ని చూసి, అక్కడ చంపిన ఎలుగుబంటి పేరే దానికి పెట్టి, మరింత పైకి పోయి జూన్ 17న మొనదేలిన కొండల నేల ఒకటి చూశాయి. గ్రీన్‌లాండ్ తూర్పు భాగమని వారు అనుకున్న ఆ నేలే నేటి స్పిట్స్‌బర్గెన్. అక్కడ 80 డిగ్రీల అక్షాంశం దగ్గర గుడ్ల మీద కూర్చున్న బాతులు వారికి కనిపించాయి. ఏటా చలికాలంలో డచ్చి తీరంలోని వీరింగెన్‌కు గుంపులుగా వచ్చే బాతులు ఇవేనని వారు వెంటనే గుర్తుపట్టారు. ఈ బాతులు ఎక్కడ గుడ్లు పెడతాయో ఐరోపాలో అంతవరకు ఎవరూ చూడలేదు; చూడలేదు కాబట్టి, స్కాట్లాండ్ తీరంలో కొన్ని చెట్లకు ఇవి కాయల్లా కాస్తాయనీ, నీటిలో రాలిన కాయలు బాతులవుతాయనీ చదువుకున్నవారు సైతం శతాబ్దాలుగా రాస్తూ వచ్చారు. డి వేర్ ఆ నమ్మకాన్ని పేర్కొని, అది నిజం కాదని తేలిందని సూటిగా రాశాడు: అంతటి ఉత్తరానికి ఎవరూ వెళ్లకపోవడమే ఆ కథ పుట్టడానికి కారణమని అతని వివరణ. పక్షుల వలస అన్న విషయం మీద ఐరోపాలో నమోదైన తొలి ప్రత్యక్ష సాక్ష్యాలలో ఇదొకటి.

అతడు గమనించిన ఇంకొక విషయం ఇంతకన్నా లోతైనది. 80 డిగ్రీల దగ్గర ఉన్న ఈ నేల మీద పచ్చికా, దాన్ని మేసే దుప్పులూ ఉన్నాయి. నాలుగు డిగ్రీలు దక్షిణాన, అంటే దాదాపు 450 కిలోమీటర్లు ఇవతల ఉన్న నొవాయా జెమ్ల్యా మీద ఆకూ అలమూ లేవు, మాంసం తినే జంతువులే ఉన్నాయి. కాబట్టి చలికి కారణం ధ్రువం దగ్గర కావడం ఒక్కటే కాదని అతడు తేల్చాడు. ఆ తీర్పు సరైనదే. అట్లాంటిక్ నుంచి పైకి పారే వెచ్చని నీటి ప్రవాహం నార్వే తీరం దాటాక రెండు పాయలై, ఒకటి స్పిట్స్‌బర్గెన్ పడమటి తీరాన్ని తాకుతుంది, రెండోది బారెంట్స్ సముద్రపు దక్షిణ, పడమటి భాగాలను చలికాలంలోనూ గడ్డకట్టకుండా ఉంచుతుంది. నొవాయా జెమ్ల్యా సుమారు 900 కిలోమీటర్ల పొడవున ఆనకట్టలా అడ్డుపడడంతో ఆ వెచ్చదనం కారా సముద్రానికి చేరదు. బారెంట్స్ మూడుసార్లూ ఢీకొన్నది ఈ గోడనే.

జూలై 1న తిరిగి ఎలుగుబంటి ద్వీపం దగ్గరికి వచ్చాక ఎటు పోవాలన్న విషయంలో అభిప్రాయభేదం వచ్చి, రైప్ ఉత్తరానికీ, బారెంట్స్ ఉన్న ఓడ తూర్పుకూ సాగాయి. ఈ ఓడ నొవాయా జెమ్ల్యా ఉత్తర కొసను చుట్టి అవతలి తీరానికి చేరగలిగింది. ఆగస్టు 26న ఒక చిన్న అఖాతంలో మంచు నలుదిక్కులా కమ్ముకుని, ఓడను కింది నుంచి ఎత్తి పక్కకు ఒరగదోసింది. పదిహేడు మంది మనుషులు, 76 డిగ్రీల అక్షాంశం, ముందు పది నెలల కాలం. ఆ అక్షాంశంలో చలికాలం గడిపి రావడానికి అంతకుముందు పశ్చిమ ఐరోపావారెవరూ ప్రయత్నించలేదు.

కొయ్య ఇల్లు

చెట్టు మొలవని ఆ ద్వీపంలో ఇల్లు కట్టడానికి వారికి కలప దొరకడం ఆశ్చర్యమే. ఓబ్, యెనిసేయ్ వంటి సైబీరియా నదులు వరదకాలంలో అడవుల నుంచి మోసుకొచ్చిన దుంగలు సముద్రంలో ఏళ్ల తరబడి తేలి, మంచుతో పాటు కొట్టుకువచ్చి ఆ తీరాన పడి ఉన్నాయి. వేళ్లతో సహా ఉన్న ఆ మానులను బండి మీద మైళ్ల దూరం లాగి తెచ్చారు. పని మొదలుకాక ముందే వడ్రంగి మరణించాడు, అయినా మిగిలినవారు ఓడ పలకలు కూడా ఊడదీసి 7.8 మీటర్ల పొడవు, 5.5 మీటర్ల వెడల్పు గల ఇల్లు నిలబెట్టారు. నడుమ పొయ్యి, గోడల వెంట పడకలు, కప్పు మీద అడుగు తీసిన పీపా పొగగొట్టంగా, ఓడ వైద్యుడి సలహా మీద స్నానానికి ఇంకొక పీపా. ఎలుగుబంటి కొవ్వు దీపానికి చమురైంది.

లోపలి చలి ఎలాంటిదో దినచర్యలోని చిన్న వివరాలు చెబుతాయి. పొయ్యి దగ్గర చాపిన కాళ్లకు వెచ్చదనం తెలిసేలోగా మేజోళ్లు కాలిపోయేవి. వాసన వస్తేనే ఆ సంగతి తెలిసేది. తోలు బూట్లు కొమ్ములా బిగుసుకుపోవడంతో గొర్రెతోళ్లతో పాదరక్షలు చేసుకున్నారు. డిసెంబరు తొలి రోజుల్లో గడియారం చలికి ఆగిపోయింది. పన్నెండు గంటలకొకసారి తిప్పే ఇసుక గడియారాన్ని వంతులవారీగా కనిపెట్టుకుని ఉండడం తప్ప కాలం తెలిసే దారి లేదు. సూర్యుడు నవంబరు మొదటి వారంలోనే కనుమరుగయ్యాడు కనుక పగలేదో రాత్రేదో తేడా లేదు. ఈ జాగ్రత్తను చదువరి గుర్తుంచుకోవాలి, తరువాత దీని అవసరం వస్తుంది.

బీరు పీపాలు గడ్డకట్టినప్పుడు డి వేర్ చూసినది రసాయన శాస్త్రానికి చక్కని పాఠం. గడ్డ మధ్యలో కొంచెం ద్రవం మిగిలేది. పానీయం ఘాటంతా అందులోనే చేరడంతో అది తాగలేనంత చురుగ్గా ఉండేది, పక్కనున్న మంచును కరిగిస్తే నీళ్ల రుచి తప్ప ఏమీ ఉండేది కాదు. నీరు స్ఫటికంగా మారుతూ ఆల్కహాలును వెలివేసింది. సముద్రపు నీరు గడ్డకడుతూ ఉప్పును వెలివేయడం వెనుక ఉన్నదీ ఈ సూత్రమే. ప్లాన్సియస్ సిద్ధాంతంలోని పొరపాటుకు నిదర్శనం ఆ ఇంట్లో పీపాలోనే ఉందన్నమాట, అయితే రెండింటినీ కలిపి చూసే శాస్త్రం అప్పటికి పుట్టలేదు.

డిసెంబరు 7న వారు చావు అంచుదాకా వెళ్లి వచ్చారు. ఓడలో ఉన్న బొగ్గు తెచ్చి పొయ్యిలో వేసి, వెచ్చదనం బయటికి పోకుండా తలుపునూ పొగగొట్టాన్నీ బిగించి పడుకున్నారు. కొంతసేపటికి తల తిరుగుతున్నట్టు ఒకరి తరువాత ఒకరు గమనించారు. ఇంకా శక్తి మిగిలినవారు పాకుతూ వెళ్లి తలుపు తీయడంతో బతికారు. గాలి చాలినంత లేని చోట బొగ్గు మండితే వెలువడే కార్బన్ మోనాక్సైడ్ వాయువు, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్‌ను తానే ఆక్రమించుకుంటుంది. రంగూ వాసనా లేకపోవడం వల్ల మనిషికి దాని జాడ తెలియదు. తలుపులు బిగించి గదిలో కుంపటి పెట్టుకుని నిద్రపోయినవారు మరణించారన్న వార్తలు నేటికీ చలికాలంలో మన పత్రికల్లో వస్తూనే ఉన్నాయి.

ఆహారం చెప్పిన సంగతులు

సూర్యుడితో పాటు ఎలుగుబంట్లు మాయమై, వాటి స్థానంలో తెల్లనక్కలు వచ్చాయి. ఇంటి చుట్టూ ఉచ్చులు పన్ని పట్టిన ఆ నక్కల తాజా మాంసమే వారిని చాలావరకు నిలబెట్టింది. స్కర్వీ అనే వ్యాధి అప్పటి దూర సముద్రయానాలన్నింటినీ పీడించేది: చిగుళ్లు వాచి రక్తం కారడం, పాత గాయాలు తిరిగి తెరుచుకోవడం, కీళ్లు పట్టుకుపోవడం దాని లక్షణాలు. కొలాజెన్ అనే బంధన పదార్థాన్ని శరీరం తయారుచేసుకోవడానికి విటమిన్ సి అవసరం. ఉప్పుమాంసం, ఎండు రొట్టెలలో అది ఉండదు, మనిషి శరీరం దాన్ని సొంతంగా తయారుచేసుకోలేదు. నక్క శరీరం తయారుచేసుకోగలదు. తక్కువగా ఉడికించిన తాజా మాంసంలో మిగిలే ఆ కొద్దిపాటి విటమిన్ వల్లే పది నెలల తరువాత కూడా పదిహేడు మందిలో పదిహేను మంది సజీవంగా ఉన్నారని భావించవచ్చు.

1597 మే చివరిలో మరొక వింత జరిగింది. చంపిన ఎలుగుబంటి కాలేయాన్ని వండుకుని తిన్నవారంతా జబ్బుపడ్డారు, వారిలో ముగ్గురికి తల నుంచి పాదాల దాకా చర్మం పొరలుగా ఊడి వచ్చింది. డి వేర్ దీన్ని లక్షణాలతో సహా రాశాడు. ఆ రాతకు అర్థం 1943లో గానీ దొరకలేదు. కోరె రోడాల్, థామస్ మూర్ అనే శాస్త్రవేత్తలు ధ్రువ ఎలుగుబంటి కాలేయంలో గ్రాముకు పదివేల అంతర్జాతీయ యూనిట్లకు మించి విటమిన్ ఏ ఉందని కొలిచి చూపారు. పెద్ద మనిషికి రోజుకు కావలసినది మూడు వేల యూనిట్ల లోపే. ఎలుగుబంటి సీళ్లను తింటుంది, సీళ్లు చేపలను తింటాయి, కొవ్వులో కరిగే ఈ విటమిన్ ఒక్కొక్క మెట్టులో పోగుపడుతూ పైమెట్టు జంతువు కాలేయంలో నిల్వ ఉంటుంది. ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలు ఆ కాలేయం తినకూడదని తరతరాలుగా ఎరిగినవారే.

జనవరి 24

సూర్యుడు మళ్లీ ఎప్పుడు కనిపించాలో బారెంట్స్ దగ్గర లెక్క ఉంది. ఖగోళ మధ్యరేఖ నుంచి ఉత్తరానికో దక్షిణానికో సూర్యుడు ఉన్న కోణీయ దూరాన్ని క్రాంతి అంటారు. జనవరి 24న అది దక్షిణంగా సుమారు 19 డిగ్రీలు. 76 డిగ్రీల అక్షాంశంలో మధ్యాహ్న సూర్యుడి ఎత్తు కావాలంటే 90 నుంచి 76 తీసివేయగా మిగిలిన 14లో నుంచి ఈ 19 తీసివేయాలి. అంటే సూర్యుడు దిగంతానికి దాదాపు ఐదు డిగ్రీలు కింద ఉండాలి. ఫిబ్రవరి రెండో వారానికి ముందు సూర్యబింబం కనిపించే ప్రసక్తే లేదు. అలాంటిది జనవరి 24న తీరం మీదికి వెళ్లిన డి వేర్, హీమ్స్‌కెర్క్, మరొక నావికుడు దక్షిణాన సూర్యుడి అంచును చూశామని పరుగున వచ్చి చెప్పారు. బారెంట్స్ నమ్మలేదు. ఇంకా రెండు వారాలకు పైగా గడువుండగా అది జరిగే పని కాదన్నాడు. తరువాతి రెండు రోజులు మబ్బుపట్టి ఏమీ కనిపించలేదు. 27న ఆకాశం తేటపడింది, దిగంతం మీద సూర్యుడు పూర్తి బింబంగా నిలిచాడు, అందరూ చూశారు.

రోజుల లెక్క తప్పిందేమోనన్న అనుమానం సహజం. మూడు నెలల చీకటిలో ఇసుక గడియారాన్ని నమ్ముకున్నవారికి అది మరీ సహజం. ఆ అనుమానం తీర్చే ఆధారం మాత్రం 24వ తేదీ రాత్రే దొరికింది. వెనిస్ నగరంలో అచ్చైన గ్రహగణిత పట్టికల పుస్తకం ఒకటి వారి వద్ద ఉంది. ఏ రోజున ఏ గ్రహం ఎక్కడ ఉంటుందో చెప్పే ఆ పట్టికల ప్రకారం జనవరి 25 వేకువకు ముందు, వెనిస్‌లో రాత్రి ఒంటిగంట వేళ, చంద్రుడూ గురుగ్రహమూ ఆకాశంలో ఒకచోట చేరాలి. వారు కనిపెట్టి చూడగా ఆ కలయిక తమ చోట ఉదయం ఆరు గంటల ప్రాంతంలో జరిగింది. చంద్రుడు రోజుకు పదమూడు డిగ్రీలు జరుగుతాడు కాబట్టి ఒక్క రోజు తేడా వచ్చినా ఆ దృశ్యం కుదరదు. తేదీ సరైనదేనని అలా రుజువైంది. ఐదు గంటల తేడాను రేఖాంశంలోకి మారిస్తే వెనిస్‌కు 75 డిగ్రీలు తూర్పున ఉన్నట్టు లెక్క వచ్చింది. నిజానికి ఆ చోటు సుమారు 56 డిగ్రీల దూరంలోనే ఉంది. అది రేఖాంశాన్ని కొలవడం ఎంత కష్టమో చూపే పొరపాటు. తేదీ విషయంలో మాత్రం ఆ పరిశీలనకు తిరుగులేదు. అంతకుముందు డిసెంబరులో ఓరియన్ రాశిలోని ఆర్ద్రా నక్షత్రం ఎత్తును కొలిచి అక్షాంశాన్ని కూడా వారు సరిచూసుకున్నారు.

పడవల్లో తిరుగు ప్రయాణం

జూన్ వచ్చినా ఓడ మంచు నుంచి విడివడలేదు. కప్పు లేని రెండు పడవల్లో పోవాలని నిశ్చయించాక, బారెంట్స్ తమ కథను క్లుప్తంగా ఒక లేఖలో రాసి పొగగొట్టంలో వేలాడదీశాడు. జూన్ 14న పదిహేను మంది బయలుదేరారు. బారెంట్స్ అప్పటికే నడవలేని స్థితిలో ఉండడంతో బండి మీద పడుకోబెట్టి పడవలోకి చేర్చారు. స్కర్వీయే కారణమై ఉంటుంది. నొవాయా జెమ్ల్యా ఉత్తర కొస దగ్గరికి వచ్చినప్పుడు ఆ చోటును మరొకసారి చూడాలని ఉంది, లేపమని అడిగాడు. జూన్ 20న డి వేర్ గీసిన పటాన్ని చేతిలోకి తీసుకుని పరిశీలించి, తాగడానికి ఇమ్మని, తాగిన కాసేపటికే కన్నుమూశాడు. అదే రోజు మరొక నావికుడు, జూలైలో ఇంకొకడు మరణించారు.

మిగిలిన పన్నెండు మంది మంచు పలకల మీద పడవలను ఈడ్చుకుంటూ, దొరికిన చోట తెడ్లు వేస్తూ సాగారు. జూలై చివరిలో ఒక చిన్న ద్వీపం మీద స్కర్వీకి మందని పేరున్న ఆకుకూర దొరికింది. గుప్పెళ్లతో పచ్చిగానే తిన్నారు. మర్నాటికే బిస్కెట్లు నమలగలిగామని డి వేర్ రాశాడు. రెండున్నర వేల కిలోమీటర్లకు మించిన ఆ ప్రయాణం రష్యాలోని కోలా రేవులో ముగిసింది. ఏడాది కిందట తమ నుంచి విడిపోయిన రైప్ అక్కడే తన ఓడతో ఉన్నాడు. 1597 నవంబరు 1న, ఆ ద్వీపంలో తొడిగిన తెల్లనక్క తోలు టోపీలతోనే వారు ఆమ్‌స్టర్‌డామ్‌లో అడుగుపెట్టారు.

అప్పటికి వారి వెతుకులాటకు అవసరమే పోయింది. ఆఫ్రికా దక్షిణ కొసను చుట్టి జావా దీవిలోని బంతాం వరకు వెళ్లిన కార్నెలిస్ డి హౌట్‌మాన్ ఓడలు ఆ ఆగస్టులోనే తిరిగి వచ్చాయి. పోర్చుగీసుల దారిలోనే పోవచ్చునని తేలిపోయింది. 1602లో డచ్చి ఈస్టిండియా కంపెనీ ఏర్పడింది, కొద్ది ఏళ్లలోనే గోల్కొండ రాజ్యపు ప్రధాన రేవైన మచిలీపట్నంలో, ఆ వెంటనే నిజాంపట్నంలో దాని వర్తక స్థావరాలు వెలిశాయి. లవంగాలూ జాజికాయా పండే దీవులలో ఐరోపా సరుకుకు గిరాకీ లేదు; అక్కడివారు కోరినది కోరమండల్ తీరపు నూలుబట్టలను, కాబట్టి బందరు బట్ట కొని తీసుకుపోవడం డచ్చి వర్తకానికి ప్రాణాధారమైంది. హీమ్స్‌కెర్క్ కూడా ఆ దక్షిణపు దారిలోనే ఆసియాకు వెళ్లి పేరు గడించాడు.

సాక్ష్యం నిలిచింది

డి వేర్ దినచర్య 1598లో అచ్చై వెంటనే ఇతర భాషల్లోకి వెళ్లింది. సాహసగాథగా అందరూ మెచ్చుకున్నారు, సూర్యుడి సంగతి మాత్రం పండితులకు మింగుడుపడలేదు. నావికులు తేదీలు మరచిపోయారని కొందరు, కట్టుకథని కొందరు అన్నారు. యోహాన్నెస్ కెప్లర్ మాత్రం 1604లో తాను ప్రకటించిన కాంతిశాస్త్ర గ్రంథంలో దీన్ని తోసిపుచ్చక, గాలిలో కాంతి వంగే తీరుతో ముడిపెట్టి విచారించాడు.

1871 సెప్టెంబరులో నార్వే నావికుడు ఎలింగ్ కార్ల్‌సెన్ ఆ తీరానికి వెళ్లినప్పుడు, 274 ఏళ్లుగా మనిషి అడుగుపెట్టని ఆ ఇంటి శిథిలాలు మంచు కింద దొరికాయి. గోడకు చేరి పడకలు, నడుమ పొయ్యి, గడియారం, వేణువు, బూట్లు, పనిముట్లు: డి వేర్ వర్ణించిన చోటే అన్నీ ఉన్నాయి. ఐదేళ్ల తరువాత అక్కడికి వెళ్లిన ఇంగ్లీషువాడు చార్లెస్ గార్డినర్‌కు బారెంట్స్ రాసిన లేఖ కూడా దొరికింది. చైనాలో అమ్మడానికి తీసుకుపోయిన అచ్చు బొమ్మల కాగితాలు ఒకదానికొకటి అంటుకుని దిమ్మెలా గడ్డకట్టి ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం నిపుణులు 20వ శతాబ్దంలో ఎంతో ఓపికతో వాటిని పొరపొరగా విడదీశారు. బైబిలు కథలు, రోమన్ వీరులు, యుద్ధ దృశ్యాల చెక్కుడు బొమ్మలు బయటపడ్డాయి. ఇంటి విషయంలో ఇంత నిక్కచ్చిగా ఉన్న రచయిత సూర్యుడి విషయంలో మాత్రం అబద్ధమాడాడనడం ఇక కష్టమైంది. 1915లో దక్షిణ ధ్రువ ప్రాంతపు మంచులో చిక్కుకున్న ఎర్నెస్ట్ షాకిల్టన్ బృందం, చలికాలపు రాత్రికి ముందు చివరిసారిగా అస్తమించిన సూర్యుడు ఏడు రోజుల తరువాత మళ్లీ కనిపించడం చూసి నమోదు చేసింది.

దీనికి మూలం గాలి పొరల అమరికలో ఉంది. గాలి సాంద్రత పైకి పోయే కొద్దీ తగ్గుతుంది కాబట్టి సూర్యకాంతి వాతావరణం గుండా వస్తూ నేల వైపు కొద్దిగా వంగుతుంది. దీన్ని వక్రీభవనం అంటారు. మామూలు రోజున ఈ వంపు దిగంతం దగ్గర అర డిగ్రీకి కాస్త ఎక్కువ, అంటే సూర్యబింబపు వెడల్పంత. ఐదు డిగ్రీలకు ఇది ఏ మూలకూ చాలదు. కాని ధ్రువ ప్రాంతపు చలికాలంలో మంచు నేలను ఆనుకున్న గాలి అతిచల్లగానూ, దాని మీది పొర వెచ్చగానూ ఉండే స్థితి ఏర్పడుతుంది. పైకి పోయే కొద్దీ చల్లబడవలసిన గాలి తలకిందులైన ఈ స్థితికి ఉష్ణోగ్రతా విలోమం అని పేరు. వేసవిలో తారురోడ్డు మీద కనిపించే ఎండమావికి ఇది సరిగ్గా వ్యతిరేకం: అక్కడ కింది గాలి వేడెక్కి కిరణాన్ని పైకి వంచుతుంది, ఇక్కడ కింది చల్లగాలి కిరణాన్ని నేల వైపు లాగుతుంది. ఆ లాగుడు భూమి వంపుతో సమానమైనప్పుడు కాంతి పైకి తప్పించుకోలేక, రెండు పొరల మధ్య చిక్కి, భూగోళపు వంపు వెంట వందల కిలోమీటర్లు ప్రయాణించి, దిగంతానికి చాలా కింద ఉన్న సూర్యుడి రూపాన్ని చూపరి కంటికి చేరుస్తుంది.

కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన వాల్డెమార్ లేన్ 1979లో ఈ వివరణను గణితంతో నిరూపించాడు. ఈ దృగ్విషయానికి నొవాయా జెమ్ల్యా ప్రభావం అన్న పేరు స్థిరపడింది. 2003లో నెదర్లాండ్స్ భౌతిక శాస్త్రవేత్త సీబ్రెన్ వాన్ డెర్ వెర్ఫ్, తన సహచరులతో కలిసి, 1597 జనవరి నాటి సూర్యుడి స్థానాన్నీ, చంద్ర గురుగ్రహాల కలయికనూ తిరిగి గణించి, విలోమ పొర గుండా కిరణాల మార్గాలను లెక్కకట్టి, 24న అంచు మాత్రమే కనిపించడం, 27న పూర్తి బింబం కనిపించడం రెండూ ఆ లెక్కకు సరిపోతున్నాయని, డి వేర్ ఇచ్చిన తేదీల్లో దేన్నీ మార్చనవసరం లేదని చూపాడు.